ఏడు మైళ్లు, ఏడు ముంతలు

తపాలా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడు తన అనుభవాలు రాయడానికి కూర్చుంటే ఏం రాస్తాడో నాకు తెలుసు. ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయిందీ, ఏ పెద్దసారు ఎప్పుడు భుజం తట్టిందీ రాస్తాడు. నేను వాటి జోలికి పోను. నేను రాసేది నా కడుపు గురించి.

నవ్వేవాళ్లు నవ్వండి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, అందుకే ఇన్నేళ్లు దాచుకున్నాను. కాని మొన్న, కొత్తగా టపా మోసే పనిలో చేరిన ఒకతను, పెళ్లాం పిల్లలున్న మనిషి, మా ఇంటికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, "సార్, సంచి భుజానికి ఎత్తంగనే కడుపుల మెలివెడ్తది. ఇంటికాడ ఉన్ననాడు ఏం ఉండదు. గిది ఎవరికి చెప్పుకోవాలె?" అని అడిగాడు.

ఆ వయసులో నేను అడగవలసిన ప్రశ్న అది. అడగక ఏం చేశానో, దానివల్ల ఒక మంచి మనిషికి ఎంత అన్యాయం చేశానో అతనికి చెప్పాను. అతనికి చెప్పిందే ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఊళ్ల పేర్లు కొన్ని కావాలనే రాయడం లేదు.

మగ్గం గుంతలోంచి

మాది కరీంనగర్ జిల్లాలో నేత పనివాళ్ల ఇల్లు. బాపు, ఇద్దరు అన్నలు మగ్గం మీదనే బతికారు. నేతగాడు మగ్గం గుంతలోకి కాళ్లు వదిలి, గట్టు మీద కూర్చుని, ముందుకు వంగి పొద్దంతా నేస్తాడు. నేను అట్లా ఒక గంట వంగి కూర్చుంటే చాలు, బొడ్డు కింద కోసినట్టు నొప్పి వచ్చేది. ఒకరోజు పొద్దున్నే నాలుగుసార్లు చెంబు పట్టుకుని పోయేవాణ్ని. తర్వాత రెండు రోజులు ఏమీ ఉండదు, కడుపు డోలులాగా ఉబ్బుతుంది. మా బాపు మాత్రం "వీనికి నేతంటె బద్దకం. కడుపు మీద పెట్టి తప్పించుకుంటుండు" అనేవాడు. ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పోలీసు చర్య జరిగిన రెండు మూడేళ్లకు ఆదిలాబాద్ జిల్లాలో టపా రన్నర్లు కావాలని తెలిసింది. నేను ఉర్దూలో ఐదు జమాతులు చదివాను. పరుగు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు. వంగి కూర్చోవడం కన్నా పరుగెత్తడం మేలు కదా అని పోయాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని మొదటి వారంలోనే అర్థమైంది.

చేరేటప్పుడు ఒంట్లో ఏ జబ్బూ లేదని చెప్పి సంతకం పెట్టాను. కాగితాలు చూసిన గుమాస్తా, "రోగం గీగం బయటపడ్డదనుకో, అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలుతరు. యాదుంచుకో" అన్నాడు. అతను ఏదో మాటవరసకు అన్నాడు. నేను దాన్ని ఎనిమిదేళ్లు మోశాను. అప్పటికే నాకు పెళ్లయింది. మా ఆవిడ నర్సవ్వ, ఇద్దరు ఆడపిల్లలు నా ఉద్యోగం మీదే ఉన్నారు. ఉద్యోగం పోతే మళ్లీ ఆ గుంతలోకి దిగాలి.

సంచికి మైల పట్టొద్దు

నా బీటు బోథ్ అవతలి అడవిలో. పొద్దున ఆరింటికి సంచి ఎత్తుకుని బయలుదేరితే ఏడు మైళ్ల దూరంలో ఒక గడ్డి కప్పు చౌకీ వస్తుంది. అవతలి వైపు నుంచి ఇంకో రన్నరు తన సంచి తీసుకుని అక్కడికే వస్తాడు. నా సంచి అతనికి, అతని సంచి నాకు. మళ్లీ ఎవరి దారిన వాళ్లం వెనక్కి పరుగు. పదింటికి నేను ఆఫీసులో ఉండాలి. ఒక నిమిషం అటూ ఇటూ అయినా పుస్తకంలో వేళ పడుతుంది. చేతిలో బల్లెం, దానికి గజ్జెలు. అడుగు వేస్తే గజ్జెలు మోగుతాయి. ఎలుగ్గొడ్లు, పాములు తప్పుకుంటాయి, మనుషులకు టపా వస్తుందని తెలుస్తుంది.

అవతలి వైపు రన్నరు పేరు జంగు. గోండు మనిషి, నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద. చౌకీకి దగ్గరలోనే అతని గూడెం. మాట తక్కువ. నన్ను "దాదా" అనేవాడు, నేను "జంగన్నా" అనేవాణ్ని. సంచులు మార్చుకుని, తలొక చుట్ట ముట్టించి, చుట్ట అయిపోయేలోపు లేచేవాళ్లం. ఎనిమిదేళ్లలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక రోజు మాటలు కావు.

నాకు పని నేర్పింది పోశెట్టి అనే ముసలి రన్నరు. వారం రోజులు నాతో పరుగెత్తి పెన్షను మీద పోయాడు. ఆయన చెప్పిన మాటలు రెండే. "సంచి నేలకు తాకొద్దు. సంచి మీద ఉండంగ చెంబుకు పోవద్దు. ఉత్తరం మీద మొదాలు శ్రీ అని రాస్తరు. సాయబులైతే వాళ్ల దేవుని గుర్తు ఏస్తరు. గంతమంది దేవుళ్లను మోసుకుంట చెట్టు సాటుకు పోతవా? సంచికి మైల పడ్తది."

"మరి తొవ్వల వస్తే ఏం చెయ్యాలె, తాతా?" అని అడిగాను.

"రాదు. సంచి ఎత్తుకున్నోనికి రాదు."

ఆయనకు రాలేదేమో. నాకు సంచి భుజం మీద పడితేనే వచ్చేది. ఆకలైతే కడుపులో ఎలుకలు పరుగెత్తుతాయంటారు. నా కడుపులో ఆకలి లేకున్నా పరుగెత్తేవి. ఆదివారం సంచి ఉండదు, ఆనాడు కడుపు మాట్లాడేది కాదు. సోమవారం ఆఫీసు గడియారం ఆరు కొట్టడం మొదలుపెడితే ఆరో దెబ్బకు నా పేగులు లేచేవి.

ఏడు ముంతలు

మొదటి ఏడాది ఎట్లా గడిపానో తలచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. తినకుండా పరుగెత్తి చూశాను. నాలుగో మైలులో కళ్లు తిరిగేవి. నీళ్లు తాగకుండా పరుగెత్తి చూశాను. ఎండాకాలం చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. చివరికి ఒక ఉపాయం కుదిరింది.

దారిలో మైలుకు ఒక చెట్టు చూసి పెట్టుకున్నాను. భుజమెత్తులో పంగ ఉన్న చెట్టు కావాలి. సంచి పంగకు తగిలించాలి, బల్లెం పక్కన గుచ్చాలి, పది అడుగులు పొదల్లోకి పోవాలి. సంచి మాత్రం కంటికి ఆనుతూ ఉండాలి. అప్పుడు సంచి నేలకు తాకలేదు, మైలా పట్టలేదు. ప్రతి చెట్టు మొదట్లో ఒక మట్టి ముంత ఆకుల కింద దాచాను. ఆదివారాలు వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చి ఏడు ముంతలూ నింపేవాణ్ని. ఇంట్లో చేపలకు పోతున్నానని చెప్పేవాణ్ని. చేపలు లేకుండా తిరిగొస్తుంటే నర్సవ్వ ఏమనుకునేదో మరి.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మొన్న వచ్చినతను అదే ముందు అడిగాడు. నాకు పడనివి నేను దెబ్బ తిని తెలుసుకున్నాను. బొబ్బర్లు, శనగలు తిన్న మర్నాడు పరుగు లేదు. పాలు పోసిన చాయ్ పరగడుపున తాగితే రెండో మైలే దాటను. పచ్చిమిరపకాయల తొక్కు నా ప్రాణం, దాన్ని ఆదివారానికి పెట్టుకున్నాను. రాత్రి తిండి పొద్దుగూకే వేళకే ముగించి, తెల్లవారి లేవగానే కొంచెం జొన్న గట్క ఉప్పేసుకుని తినేవాణ్ని. తిన్న గంట తర్వాతనే సంచి ఎత్తాలి. మొలతాడు మీద పంచె బిగించి కట్టకూడదు. మొదటి మైలు పరుగెత్తకూడదు, నడవాలి. ఆ మైలు నడిస్తే మిగతా ఆరు మైళ్లు కడుపు కొంత మాట వింటుంది. ఇవన్నీ నా ఒంటికి కుదిరినవి, మీ ఒంటికి ఏవి కుదురుతాయో మీరే చూసుకోవాలి. వాము నమిలితే రోగం పోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. నేను బస్తాడు వాము నమిలాను.

ఇట్లా ఏళ్లు గడిచాయి. దొంగతనం చేసేవాడికి కూడా రోజూ అంత భయం ఉండదు. ఎవరైనా చూస్తారేమో, చూసి ఆఫీసులో చెబుతారేమో అని ప్రతి చెట్టు దగ్గరా నాలుగు దిక్కులూ చూసేవాణ్ని.

నేను పోయని నీళ్లు

ఒక ఎండాకాలం, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, నాలుగో చెట్టు దగ్గర ఆగాను. ఆ ముంత ఖాళీ అని నాకు తెలుసు. కిందటి రోజు చివరి చుక్క వరకు వాడుకున్నాను. ఆకులు తీసి చూస్తే ముంత నిండా నీళ్లున్నాయి. పైన ఒక మోదుగాకు బోర్లించి, ఆకు ఎగిరిపోకుండా చిన్న రాయి పెట్టి ఉంది.

దాహం వేసినవాడు నీళ్లు దొరికితే సంతోషిస్తాడు. నేను మాత్రం ముంత ముట్టకుండా నాలుగు దిక్కులూ చూశాను. ఎవరికో తెలిసిపోయింది.

మర్నాడు అయిదో ముంత, ఆ తర్వాత రెండోది. వారంలో ఏడూ నిండి ఉన్నాయి. భయపడి రెండు ముంతల చోట్లు మార్చాను. మూడు రోజులకు కొత్త చోట్లలో కూడా నీళ్లు. ఎవరీ మనిషి? పశువులు కాసేవాళ్లా, అడవి జవానా? నీళ్లు పోసి, రేపు వచ్చి "నీ సంగతి ఆఫీసుల చెప్పనా?" అని బెదిరిస్తారా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా బతుకు. ఆఫీసు గుమాస్తా ఒకరోజు "ఏం రాజేశం, మొఖం గుంజుకపోయింది, మంచిగనే ఉన్నవా?" అని అడిగితే, వీడికే తెలిసిందని ఆ వారమంతా కుమిలిపోయాను.

భయం పెరిగినకొద్దీ కడుపు చెడింది. ఏడుసార్లు ఆగేవాణ్ని తొమ్మిదిసార్లు ఆగాను. చివరికి సెలవు పెట్టి మంచిర్యాలకు పోయి, కొత్తగా గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరుకు చూపించుకున్నాను. ఉద్యోగం సంగతి చెప్పకుండా, నేత పనివాణ్నని చెప్పాను. ఆయన రెండు రోజులు పరీక్షలు చేసి, "నీ పేగులో పుండు లేదు, పురుగు లేదు. పేగు మంచిదే, కానీ భయస్తురాలు. దేనికో భయపడుతోంది. నీకు దేనికయ్యా భయం?" అన్నాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నొప్పి నిజం, పరుగు నిజం, ఆయన భయం అంటాడు. మా బాపు బద్దకం అన్నాడు, ఈయన భయం అన్నాడు, ఇద్దరిదీ ఒకటే మాట అనుకుని మందు కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉండింది. ఆ గది తలుపు మూసి ఉండగా ఒక్క మాట చెప్పి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

నల్లమందు

ఊరికి రాగానే కబురు. ఓవర్సీరు హమీద్ సాబు బేస్తవారం నాడు నా వెంట బీటంతా నడుస్తారట. ఓవర్సీరు అంటే రన్నర్ల మీద తనిఖీ అధికారి. ఆయన పక్కన ఉండగా ఏడుసార్లు సంచి చెట్టుకు తగిలించడం ఎట్లా? నీళ్లు పోసినవాడే చెప్పి ఉంటాడు, నన్ను పట్టుకోవడానికే వస్తున్నాడు అని నిశ్చయించుకున్నాను.

అప్పుడు చేశాను ఆ తెలివితక్కువ పని. నల్లమందు కొంచెం మింగితే కడుపు కడుతుందని ఒక ముసలాయన చెప్పాడు. సోమవారం నుంచే మొదలుపెట్టాను. నిజంగానే కట్టింది. మంగళవారం ఒక్క చెట్టు దగ్గర కూడా ఆగలేదు. నా అంత మొనగాడు లేడనుకుని బుధవారం పొద్దున మోతాదు పెంచాను.

అయిదో మైలు దగ్గర కాళ్లు నావి కావనిపించింది. బుద్ధి మిగిలి ఉండగానే సంచి చెట్టు పంగకు తగిలించాను. ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాను.

ముఖం మీద నీళ్లు పడితే మెలకువ వచ్చింది. ఎదురుగా జంగు. చేతిలో నా ముంత, భుజానికి అతని సంచి.

"దాదా, లే. పొద్దు నెత్తి మీదికి వస్తున్నది."

"సంచి?"

"కొమ్మకే ఉన్నది. ఎవ్వలు ముట్టలే. జర నీళ్లు తాగు."

రన్నరు సంచి మార్చుకోకుండా చౌకీ దాటకూడదు. నేను రాకపోయేసరికి జంగు ఆ నియమం తప్పి రెండు మైళ్లు వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడే సంచులు మార్చుకున్నాం. నన్ను లేపి నిలబెట్టి, నేను పది అడుగులు తిన్నగా వేసేదాకా చూసి, అప్పుడు పరుగెత్తాడు. ఏమైందని అడగలేదు.

నేను ఆఫీసుకు చేరేసరికి మూడు గంటలు ఆలస్యం. గుమాస్తా పుస్తకం ముందు పెట్టుకుని, "ఏమైంది?" అన్నాడు.

నిద్రపోయానంటే ఎందుకని అడుగుతాడు. నల్లమందు అంటే కడుపు సంగతి వస్తుంది. కడుపు అంటే అన్‌ఫిట్. ఇదంతా తలలో ఒక్క క్షణంలో తిరిగింది, నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"జంగు రాలే సార్. చౌకీల ఎదురుచూసుకుంట కూసున్న."

"అడవిలోళ్లకు గడియారం ఏం తెలుస్తది" అని గుమాస్తా అట్లాగే రాసుకున్నాడు. రాస్తుంటే చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఇంతకన్నా నీచమైంది లేదు. మెత్తటి మాటల్లో చెప్పాలని ఉంది కాని చెప్పను.

పొద్దుగూకే వేళ అన్నం ముందు కూర్చుని నర్సవ్వకు మొత్తం చెప్పాను. ముంతలు, డాక్టరు, నల్లమందు, అబద్ధం, అన్నీ. ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

"గా జంగుకు పిల్లలున్నరా?" అంది.

"ముగ్గురు."

"ఆయనకు మగ్గం కూడ లేదు గద. నీ నౌకరి పోతే నువ్వు మగ్గం నేస్తవు, నేను కండెలు చుడ్త. ఆయన నౌకరి పోతే ఏం చేస్తడు?"

రేపు నిజం చెబుతానని నేను అనలేదు.

బేస్తవారం

హమీద్ సాబు పొడుగాటి మనిషి, గడ్డం నెరిసింది. ఆయనకు సర్కారు సైకిలు ఉన్నా ఎప్పుడూ ఎక్కేవాడు కాడు, ఎంత దూరమైనా నడిచేవాడు. అది ఆయన క్రమశిక్షణ అని మేమంతా చెప్పుకునేవాళ్లం. ఆనాడు నాతో సమంగా అడుగు వేస్తూ వచ్చాడు. మొదటి చెట్టు మొదట్లో కుప్పగా ఉన్న ఆకులు చూసి చేతికర్రతో కదిపాడు.

"గిదేంది?"

"తెల్వదు సాబ్."

రెండో చెట్టు దగ్గర కూడా కర్రతో కదిపాడు, ముంత చూశాడు, అడగలేదు. మూడోది, నాలుగోది. ప్రతిచోటా కర్ర చప్పుడు నా కడుపులో వినబడింది. అడకత్తెరలో పోకచెక్కలాగా చౌకీ దాకా నడిచాను.

జంగు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతని భార్య సోంబాయి ఇప్పపువ్వు గంప పక్కన పెట్టుకుని చౌకీ నీడలో ఉంది. హమీద్ సాబు నోటుబుక్కు తీశాడు.

"నిన్న మూడు గంటల లేటు నీదేనా?"

జంగు నా వైపు ఒక్కసారి చూశాడు. "నాదే సాబ్."

"ఎందుకైంది?"

"కడుపు నొచ్చింది."

"తొవ్వ పొడుగున ముంతలున్నయి. అవి?"

"నావే."

"నీ బీటు అటు దిక్కు. ముంతలు ఇటు దిక్కు ఉన్నయి."

సోంబాయి గంపలోకి చూస్తూ కూర్చుంది. హమీద్ సాబు కలం మూత తీసి, "సంజాయిషీ లేకుంటే ఊరికే వదలరు జంగూ. నౌకరి మీదికి వస్తది. సోంచాయించుకొని చెప్పు" అన్నాడు.

అతను నా రోగాన్ని తన మీద వేసుకున్నాడు. నేను నిన్న వేసిన నింద ఆ ప్రశ్నతోనే అతనికి తెలిసిపోయింది, పుస్తకంలో పడింది గనకే అడుగుతున్నారని అర్థమైంది. అయినా నా పేరు ఎత్తలేదు. నల్లమందు కట్టు ఆ క్షణంలో తెగింది, కడుపు మెలితిరిగింది. కడుపు పట్టుకునే మాట్లాడాను.

"సాబ్, ముంతలు నావి. నిన్న నల్లమందు తిని పండుకున్నది నేను. జంగు వచ్చి లేపిండు. ఆఫీసుల అబద్ధం చెప్పిన. నాకు ఎనిమిదేండ్ల సంది, గాదు, చిన్నప్పటి సంది కడుపు జబ్బు ఉన్నది. అన్‌ఫిట్ రాసుకోండ్రి."

తర్వాత సంచి జంగు చేతికిచ్చి పొదల వైపు పరుగెత్తాను. ఒక తనిఖీ అధికారి ముందు నేరం ఒప్పుకుని చెట్టు చాటుకు పరుగెత్తిన రన్నరు నేనొక్కణ్నే అయి ఉంటాను.

తిరిగి వచ్చేసరికి హమీద్ సాబు రాయి మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు, కడుపు నొస్తే నౌకరి తీసేస్తరని?" అన్నాడు.

"చేరినప్పుడు గుమాస్తా..."

"నాకు పన్నెండేండ్ల సంది మూలశంక ఉన్నది. సైకిల్ మీద కూసోలేక నడుస్తున్న. నన్ను ఎవరు తీసేసిండ్రయ్యా? టపా టైముకు పోవాలె, గంతే. జర పొద్దుగాల ఎల్తనని అడిగితే ఇయ్యకపోదురా?" అని, కలం మళ్లీ తీశాడు. "కాని నీ మీద రాస్త. కడుపుకు గాదు. అబద్ధానికి, నల్లమందుకు."

రాశాడు. కొన్నాళ్లు పని నుంచి పక్కన పెట్టారు. అది న్యాయమే. ఎనిమిదేళ్లు నేను వణికిపోయింది లేని నియమానికి. ఒక్కసారి ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది.

హమీద్ సాబు ముందు నడిచాక నేను వెనక ఆగి, "జంగన్నా, నీకు ఎట్ల తెలిసింది?" అని అడిగాను. జంగు సంచి సర్దుకున్నాడు. సోంబాయి చెప్పింది.

"నీ గజ్జెలు ఆగుతయి గద దాదా. అడవిల పువ్వు ఏరుకుంట ఉంటం, గల్లుగల్లుమని వస్తుంటయి, ఉన్నట్టుండి ఆగుతయి. మొదాలు పులి పట్టిందనుకున్నం. పోయి చూస్తే ముంత. ఖాళీ ముంత." ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "గూడెమంతకు తెలుసు. ఎవ్వలు అటు దిక్కు పోతే వాళ్లు నీళ్లు పోస్తరు."

నాలుగు దిక్కులూ చూసుకుని దాక్కున్నాననుకున్నాను. గజ్జెలు మోగించుకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడే ఆపి, ఊరంతటికీ చెప్పాను.

తర్వాత

జంగు నన్ను వెంటనే క్షమించాడని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నేను మళ్లీ పనిలో చేరాక "తప్పయింది జంగన్నా" అంటే, "టైమైతున్నది" అని సంచి అందుకుని పోయాడు. ఆ వానాకాలమంతా మా మధ్య ఒక్క మాట లేదు. చుట్ట కూడా ఎవరిది వాళ్లు దూరంగా కూర్చుని తాగాం. కాని ఆ నెలలన్నిటిలో ఒక్కరోజు కూడా నా ముంత ఖాళీగా లేదు. ఆ నీళ్లు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఏడుపు వచ్చేది. చలికాలం మొదలయ్యాక ఒకరోజు అతనే తన చుట్ట నిప్పు నా వైపు చాచాడు.

నా కడుపు నయం కాలేదు. ఇప్పటికీ శనగలు తింటే నాకు తెల్లవారదు. కాని ఆ తర్వాత ఏడుసార్లు ఆగేవాణ్ని మూడుసార్లే ఆగాను, కొన్ని రోజులు ఒకసారే. గుంటూరు డాక్టరు చెప్పింది నిజమేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నొప్పి నిజమే, భయం కూడా నిజమే. రెండూ ఒకే పేగులో ఉంటాయి.

మీకు నేను చెప్పేది ఇంతే. ఏం తినాలో ఎప్పుడు తినాలో మీ ఒంటిని అడగండి. పనిలో చేరిన మొదటి నెలలోనే మీ పైవాడికి చెప్పండి. సిగ్గు వేస్తుంది, వేయనివ్వండి. సిగ్గు కాపాడుకోవడానికి నేను ఇంకొకడి కూడు తీయబోయాను.

చాలా ఏళ్లకు నేను ఓవర్సీరునయ్యాను. నా పాత బీటుకు కొత్త రన్నరు వచ్చాడు. ఒకరోజు అతని వేళ చూడడానికి చౌకీలో కూర్చున్నాను. పక్కన జంగు, తల నెరిసింది, పెన్షనుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. దూరాన గజ్జెలు వినబడ్డాయి. దగ్గరికి వస్తూ వస్తూ ఆగిపోయాయి. నా చేయి అలవాటుగా జేబులోని గడియారం మీదికి పోయింది.

జంగు చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఏడో చెట్టు కాడ" అన్నాడు. "నిన్న మాపటికే నీళ్లు పోసి వచ్చిన."

నేను జేబులోంచి చేయి తీసేశాను. ఇద్దరం చుట్టలు తాగుతూ, గజ్జెలు మళ్లీ మోగేదాకా కూర్చున్నాం.